మెత్తబడిన డెక్కు మీద కొత్త పలక పరచవచ్చా?

ప్రశ్న: చేపల వేటకు పనికొస్తుందని ఒక పాత ఫైబర్ పడవను చవకగా కొన్నాను. పదహారు అడుగుల పొడవు, వయసు ముప్పై ఏళ్లకు దగ్గర. వెనుక 40 హార్స్ పవర్ టూ స్ట్రోక్ ఇంజను ఉంది. చాలాకాలంగా నడపలేదని అమ్మినవారు చెప్పారు. పడవతో పాటు ట్రెయిలర్ కూడా వచ్చింది. డెక్కు రెండు మూడు చోట్ల కాలి కింద కుంగుతోంది. దాని మీదే కొత్త ప్లైవుడ్ పరిచి స్క్రూలు బిగిస్తే చాలని మా బావగారు అంటున్నారు. ముందు భాగంలో నిలబడి గాలం వేయడానికి ఎత్తైన వేదిక, చేపలను బతికి ఉంచే తొట్టి, నీటి లోతునూ చేపలనూ తెర మీద చూపే ఫిష్ ఫైండర్, కొత్త రంగు కావాలని నా కోరిక. చేతిలో ఉన్న డబ్బు పడవ కొన్న ధరకు మించి లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం: మీ బావగారికి నా నమస్కారాలు చెప్పండి, ఆ ప్లైవుడ్‌ను మాత్రం కొననివ్వకండి. డెక్కు కాలి కింద కుంగుతోందంటే ఫైబర్ పొరల మధ్య ఉన్న చెక్క కుళ్లి మెత్తబడిందని అర్థం. కుళ్లిన చెక్కలో స్క్రూ పట్టదు. పట్టినట్టు కనిపించినా ప్రతి స్క్రూ రంధ్రం నీళ్లు లోపలికి దిగడానికి ఒక కొత్త దారి అవుతుంది. పైన పలక మూసేశాక కింది తడికి ఆరే అవకాశమే ఉండదు. కుళ్లు డెక్కుతో ఆగకుండా దాన్ని మోసే దూలాలకు పాకుతుంది. అలా కప్పిన పడవను బాగు చేయాలంటే ముందు ఆ కొత్త పలకను కూడా కోసి పారేయాలి.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన విషయం ఇంకొకటి ఉంది. వేదిక, తొట్టి, ఫిష్ ఫైండర్, రంగు, ఈ నాలుగూ పడవలో నిలబడి చూస్తే కంటికి కనిపించేవే. ముప్పై ఏళ్ల పడవ ఇంకా పనికొస్తుందా లేదా అన్నది కంటికి కనిపించని చోట తేలుతుంది. ఇంజను బిగించిన వెనుక పలక ఎలా ఉంది, డెక్కు కింద పొడవునా సాగే దూలాలు ఎలా ఉన్నాయి, వాటి మధ్య నింపిన ఫోము పొడిగా ఉందా, ముందు ఇవి తెలియాలి. అవి తెలిసే వరకు చేతిలో ఉన్న డబ్బులో సగాన్ని ముట్టుకోకండి. రంగు డబ్బాల వైపు అసలు చూడకండి.

వెనుక పలకతో మొదలుపెట్టండి. ఇంజనును కొంచెం పైకి వంచి నిలిపి, దాని కింది భాగం మీద బరువు వేసి నొక్కుతూ వదులుతూ పలకను గమనించండి. పలక ఏ మాత్రం వంగినా, ఇంజను బోల్టుల చుట్టూ సన్నని పగుళ్లు తెరుచుకుంటున్నా లోపల చెక్క పాడైనట్టే. తర్వాత స్క్రూడ్రైవర్ పిడితో పలకంతా తట్టుతూ వినండి. చెక్క గట్టిగా ఉన్న చోట టకటకమని స్పష్టంగా మోగుతుంది, కుళ్లిన చోట శబ్దం మొద్దుబారుతుంది. అనుమానం మిగిలితే పడవ లోపలి వైపు నుంచి, అడుగుకు దగ్గరగా, 6 మి.మీ. డ్రిల్లుతో రెండు మూడు రంధ్రాలు చేయండి. అవతలి ఫైబర్ పొరను తాకకముందే ఆపాలి. పొట్టు లేత రంగులో పొడిగా రాలితే మీరు అదృష్టవంతులు. నల్లగా, ముద్దగా వస్తే పలక మార్చక తప్పదు. రంధ్రాలు చేశామే అని దిగులు పడకండి, వాటిని ఎపాక్సీ అనే గట్టిపడే జిగురుతో పూడ్చడం చిన్న పని. డెక్కు తెరిచిన రోజున దూలాలకు కూడా ఇదే పరీక్ష చేయండి.

ఫోము సంగతి త్రాసు చెబుతుంది. పడవను ట్రెయిలర్‌తో సహా వేబ్రిడ్జి మీద తూయించండి. పడవను నీటిలో దించిన రోజు ఖాళీ ట్రెయిలర్‌ను మరోసారి తూయించండి. ఆ తేడాలోంచి ఇంజను, బ్యాటరీ, ఇంధనం బరువులు తీసేసి, తయారీదారు ప్రకటించిన ఖాళీ పడవ బరువుతో పోల్చండి. వంద కిలోలో, నూట యాభై కిలోలో ఎక్కువ వస్తే అదంతా ఫోములో, చెక్కలో చేరిన నీరు. లీటరు నీరు ఒక కిలో అని మీకు తెలుసు. అంటే ఎప్పుడూ దిగని ఇద్దరు ప్రయాణికులను మోస్తూ మీరు వేటకు వెళ్తారన్నమాట. నీరు పట్టిన ఫోమును ఎండలో పెట్టి ఆరబెట్టవచ్చని ఎవరైనా అంటే నమ్మకండి. అది తీసి పారేయవలసిందే.

వెనుక పలక, దూలాలు రెండూ పోయి, ఇంజను కూడా తిరగకపోతే ఈ పడవను వదిలేయండి. ట్రెయిలర్ అమ్ముకుని, దూలాలు గట్టిగా ఉన్న మరో పడవను వెతకడమే చవక. ఇంత డబ్బు పెట్టి కొన్నాం కదా అన్న ఆలోచనతో దాని మీద ఇంకా ఇంకా పోసేవారే చివరికి ఎక్కువ నష్టపోతారు. పోయింది డెక్కు ఒక్కటే అయినా, డెక్కుతో పాటు వెనుక పలక పోయినా, ఓపిక ఉంటే మీ చేతులతోనే బాగు చేయవచ్చు. ఇక్కడ పెద్ద ఖర్చు కూలీది. ఆ కూలీ మీరే అయితే మిగిలేది సామాను ఖర్చే.

డెక్కును అంచు వరకు కోయకుండా చుట్టూ ఐదారు సెంటీమీటర్ల పట్టీ వదిలి కోయండి. కొత్త పలక కూర్చోవడానికి అదే ఆధారం. పాత పలక ముక్కలను విరగకుండా తీయగలిగితే కొత్తదానికి అవే కొలత పలకలు. కోయడానికి ముందే ఫొటోలు తీసుకుని, అడ్డంగా నిడివిగా కొలతలు రాసుకోండి. డెక్కు తీసేశాక పడవ ఆకారం నిలబెట్టేది చాలావరకు ట్రెయిలర్ ఆనింపే. ఆనింపు సరిగా లేకపోతే అడుగు వంగిపోతుంది, ఆ వంపు మీదే మీరు కొత్త డెక్కు అతికించేస్తారు. అలా బిగుసుకున్న వంపును తర్వాత ఎవరూ సరిచేయలేరు.

ఫైబర్ గుడ్డను తడిపి గట్టిపరిచే జిగురు ద్రవం, అంటే రెసిన్ దగ్గరే చాలామంది తడబడతారు కాబట్టి దాని గురించి కాస్త వివరంగా రాస్తాను. పాలియెస్టర్ రెసిన్ చవక. ఎపాక్సీ ఖరీదు, కానీ పాత ఫైబర్‌కూ చెక్కకూ ఎపాక్సీ పట్టినంత గట్టిగా పాలియెస్టర్ పట్టదు. డబ్బు తక్కువ ఉన్నప్పుడు వెనుక పలకకు, దూలాలకు, పాత కొత్త కలిసే అతుకులకు ఎపాక్సీ వాడండి. పెట్టె, దాని మూతలాంటి బరువు మోయని భాగాలకు పాలియెస్టర్ చాలు. ఒక భాగంలో ఎపాక్సీ వాడాక దాని మీద మామూలు జెల్‌కోట్ (ఫైబర్ పడవకు పైన ఉండే నున్నని రంగు పూత) పూయకండి, సరిగా పట్టదు. పెయింటు వేసుకోండి. దుకాణంలో చవకగా దొరికే ముక్కల పీచు మ్యాట్ ఎపాక్సీతో కుదరదు. అందులోని పీచును కలిపి ఉంచే జిగురు పాలియెస్టర్‌లోని స్టైరీన్ అనే ద్రావకానికి కరుగుతుంది. ఎపాక్సీలో స్టైరీన్ ఉండదు కాబట్టి మ్యాట్ బిర్రుగానే ఉండిపోయి, లోపల గాలి మిగులుతుంది. ఎపాక్సీకి కుట్టిన లేదా నేసిన ఫైబర్ గుడ్డ తీసుకోండి.

ఇక కలిపే లెక్క. పాలియెస్టర్‌కు గట్టిపరిచే ద్రవాన్ని మామూలుగా 1 నుంచి 2 శాతం వరకు వేస్తారు. వేడిగా ఉన్న రోజున తక్కువ, చల్లగా ఉన్న రోజున ఎక్కువ. ఎపాక్సీకి ఈ స్వేచ్ఛ లేదు. డబ్బా మీద రాసిన నిష్పత్తిని తూచినట్టు పాటించాల్సిందే. త్వరగా గట్టిపడుతుందని హార్డెనర్ (దాన్ని గట్టిపరిచే ద్రవం) ఎక్కువ పోస్తే అది ఎప్పటికీ పూర్తిగా గట్టిపడకుండా జిగటగా ఉండిపోతుంది. మీ బావగారు సాయానికి వస్తే హార్డెనర్ డబ్బా ఆయన చేతికి ఇవ్వకండి. ఒకేసారి పెద్ద మగ్గులో కలపకండి, ఎక్కువ మొత్తం ఒకచోట ఉంటే దాని వేడికి అదే పొగలు కక్కుతుంది. కొద్దికొద్దిగా కలిపి, వెడల్పైన పళ్లెంలో పోసుకుంటే పని చేయడానికి సమయం దొరుకుతుంది. గట్టిపడిన ఎపాక్సీ మీద మైనంలాంటి పొర తేలితే మరుసటి పూత వేసేముందు నీళ్లతో కడగండి. కడగకుండా రుద్దితే ఆ మైనం పొర మరింతగా లోపలికి అంటుకుంటుంది.

అతుకు వేసే చోట పాత ఫైబర్‌ను ఏటవాలుగా అరగదీయాలి. మందానికి పన్నెండు రెట్ల వెడల్పు ఉండాలి. 5 మి.మీ. మందానికి 6 సెం.మీ. అన్నమాట. అంచు ఎంత నిటారుగా ఉంటే అతుకు అంత బలహీనం. దూలం అడుగుకు కలిసే మూలను చిక్కని రెసిన్ ముద్దతో గుండ్రంగా నింపితే ఫైబర్ గుడ్డ మడత పడకుండా, గాలి బుడగ లేకుండా కూర్చుంటుంది. ప్లైవుడ్ మరిగే నీళ్లకు కూడా విడిపోని జిగురుతో తయారైనదై ఉండాలి. దాని ఆరు వైపులా, ముఖ్యంగా కోసిన అంచులకు, రెసిన్ తాగించండి. అంచులు పీల్చినంత నీరు పలక ముఖం పీల్చదు. ఇలా తాగించకుండా బిగించిన ప్లైవుడ్ ఎంత ఖరీదైనదైనా మీ పాత డెక్కు దారినే పడుతుంది.

ఫైబర్ రుద్దే రోజున పొడవు చేతుల చొక్కా, కళ్లద్దాలు, ధూళిని ఆపే మంచి మాస్కు ఉండాలి. పాలియెస్టర్ పనికి ఆ మాస్కు చాలదు, రసాయన ఆవిరిని పీల్చుకునే కార్ట్రిడ్జి ఉన్నది కావాలి. పాలియెస్టర్‌ను గట్టిపరిచే ద్రవం కంట్లో పడితే చూపు పోవచ్చు. పడవ అడుగున పాత రంగు ఉంటే దాన్ని పొడిగా రుద్దకండి. అది నాచు, నత్తలు పట్టకుండా విషం కలిపి చేసిన రంగు కావచ్చు, తడిపి రుద్దాలి.

వెనుక పలక మారిస్తే, కోసే ముందు ఎత్తు చూసుకోండి. పొడవు కాలు ఇంజనుకు దాదాపు 20 అంగుళాల పలక కావాలి, పొట్టి కాలు ఇంజనుకు 15 అంగుళాలు. ఇంజను మీద ప్రొపెల్లర్‌కు కాస్త పైన ఉండే అడ్డ రెక్క, పడవ అడుగు మట్టానికి దాదాపు సమానంగా రావాలి. బోల్టు రంధ్రాలను కావలసిన దానికంటే పెద్దగా చేసి, ఎపాక్సీతో పూడ్చి, గట్టిపడ్డాక ఆ ఎపాక్సీలోంచే అసలు సైజు రంధ్రం చేయండి. అప్పుడు బోల్టు దగ్గర ఎప్పుడైనా నీరు దిగినా చెక్కను తాకదు. డెక్కు మీద బిగించే ప్రతి వస్తువుకూ ఇదే పద్ధతి. కొంచెం విసుగు పుట్టిస్తుంది, అందుకే ఎవరూ చేయరు, అందుకే పాత పడవలన్నీ కుళ్లుతాయి. రంధ్రాల చుట్టూ సిలికాన్ పూయకండి. దాని ఆనవాళ్ల మీద తర్వాత ఏ రంగూ, ఏ జిగురూ అంటదు.

ఫోము తీసేశాక ఖాళీ వదిలేసి సామాను పెట్టుకుందామని అనిపిస్తుంది. అలా చేయకండి. ఒక లీటరు ఫోము నీటిలో దాదాపు ఒక కిలో బరువును తేలుస్తుంది. పడవ నిండా నీళ్లు చేరినా మునిగిపోకుండా మీరు పట్టుకుని ఉండగలిగేది దాని వల్లే. థర్మకోల్‌తో సరిపెట్టవద్దు, పెట్రోలు తగిలితే అది కరిగిపోతుంది. నీరు పీల్చని ఫోము పెట్టి, దాని కింద అడుగు పొడవునా నీరు వెనక్కి పారే సందు వదలండి. మీ పడవలో ఆ సందు మూసుకుపోయి ఉండటం వల్లే ఇంత జరిగి ఉండవచ్చు.

ఇంజను విషయానికి వద్దాం. కొత్తది కావాలా అన్న ప్రశ్నకు ముందు సిలిండర్‌లో ఒత్తిడిని చూపే కంప్రెషన్ మీటరుతో సిలిండర్లన్నిటినీ కొలవండి. అంకె ఎంత అన్నదాని కంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం, అది 10 నుంచి 15 శాతం మించకూడదు. మించితే ఆ ఇంజను మీద డబ్బు పెట్టకండి. సరిగా ఉంటే గేరు ఆయిల్ తీసి చూడండి. పాలలా తెల్లగా ఉంటే లోపలికి నీరు చేరుతోంది, సీళ్లు మార్చాలి. ఆ నీటికి కారణం చాలాసార్లు ప్రొపెల్లర్ వెనుక చుట్టుకున్న గాలపు దారమే. సన్నని నైలాన్ పోగు సీలును కోసేస్తుంది. వేటకు వాడే ఇంజనుకు ప్రొపెల్లర్‌ను అప్పుడప్పుడు విప్పి దారం తీయడం అలవాటు చేసుకోండి.

నీటి పంపులోని రబ్బరు ఇంపెల్లర్‌ను చూడనక్కర్లేదు, మార్చేయండి. ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న రబ్బరు రెక్కలు ఒకవైపే వంగి గట్టిపడి ఉంటాయి. కార్బురేటర్ విప్పి కడగాలి. ఇంధనం పైపు, చేతితో నొక్కే బల్బు కొత్తవి వేయండి, పాత పెట్రోలు పారబోయండి. పెట్రోలులో ఆయిల్ ఎంత కలపాలో ఇంజను పుస్తకం చెప్పినట్టే కలపండి. చాలా టూ స్ట్రోక్ ఇంజన్లకు 50 పాళ్లకు ఒక పాలు, కొన్ని పాతవాటికి ఇంకా ఎక్కువ. నేల మీద పరీక్షించేటప్పుడు ఇంజనుకు నీరు అందకుండా ఒక్క నిమిషం కూడా తిప్పవద్దు. ఇంజను పక్కనుంచి సన్నని నీటి ధార వస్తుంటే చల్లదనం అందుతున్నట్టు. ఆగిపోతే వెంటనే కట్టేయండి.

కరెంటు వైర్ల విషయంలో నాకు జాలి లేదు. పాతవన్నీ పీకేయండి. ముప్పై ఏళ్లలో ముగ్గురు యజమానులు చుట్టిన అతుకులను వెతుకుతూ పోయే సమయంలో కొత్తవి వేయడం అయిపోతుంది. ఇంటి వైరు వద్దు, తగరపు పూత ఉన్న రాగి పోగుల వైరు వాడండి. ప్రధాన ఫ్యూజు బ్యాటరీకి 18 సెం.మీ. లోపే ఉండాలి. అడుగు నీరు తోడే పంపును, దాని తేలే స్విచ్‌ను ప్రధాన స్విచ్‌తో పనిలేకుండా విడి ఫ్యూజుతో నేరుగా బ్యాటరీకి కలపండి. పంపు మీద రాసిన సామర్థ్యం నీటిని పైకి ఎత్తనక్కర్లేనప్పటి లెక్క. పడవలో దానిలో సగం వస్తే గొప్ప, కాబట్టి ఒక సైజు పెద్దదే కొనండి. లైఫ్ జాకెట్లు, మంటలార్పే సిలిండరు, లంగరు, దానికి లోతు కంటే ఐదు నుంచి ఏడు రెట్ల తాడు, ఎడమ ఎరుపు, కుడి ఆకుపచ్చ దీపాలు, ఎటునుంచి చూసినా కనిపించే తెల్ల దీపం కూడా ఇప్పుడే కొనాలి. ఫిష్ ఫైండర్ వీటి తర్వాతే.

ఇక మీ మనసులో ఉన్నవాటి గురించి. నా సలహా మీకు నచ్చకపోవచ్చు: మొదటి సీజన్ అంతా పడవను ఉత్తిదిగానే వాడండి. గాలం ఏ వైపు నుంచి వేస్తున్నారు, పెద్ద చేప ఎటు లాగుతోంది, పక్కవాడి మోచేయి ఎక్కడ తగులుతోంది, గాలపు కర్రలు ఎక్కడ పెడితే అడ్డం రావు, ఇవి పడవ షెడ్డులో ఉండగా తేలవు. ముందే కట్టిన వేదికలు చాలావాటిని మరుసటి ఏడాది కోసి మారుస్తారు. వేదిక కట్టేటప్పుడు ఎత్తు తక్కువ చేయండి. పదహారు అడుగుల పడవ ముందు భాగంలో ఒక మనిషి అడుగు ఎత్తున నిలబడితే పడవ అటూ ఇటూ ఊగే తీరు మారిపోతుంది. కట్టేముందు నాలుగు చెక్క పెట్టెలు పెట్టి, ఒడ్డుకు దగ్గరగా, లైఫ్ జాకెట్ వేసుకుని నిలబడి చూడండి. నచ్చకపోతే పెట్టెలు తీసేస్తే సరిపోతుంది.

చేపల తొట్టి కట్టకండి. అరవై లీటర్ల నీళ్లంటే అరవై కిలోలు, అవి అటూ ఇటూ కదులుతూ ఉంటాయి. మూత గట్టిగా ఉన్న పెద్ద ఐసు పెట్టెకు గాలి బుడగలు ఊదే చిన్న పంపు పెడితే చేపలు బతికే ఉంటాయి, మూత మీద మీరు కూర్చోవచ్చు, అవసరం లేని రోజు దించేయవచ్చు. కర్రలు నిలపడానికి ప్లాస్టిక్ నీటి పైపు ముక్కలు చాలు. అయితే చేప లాగినప్పుడు ఊడిపోకుండా వెనుక ఒక పట్టీ వేసి బోల్టులు బిగించండి.

ఫిష్ ఫైండర్ సాదాది, వాడినదైనా పరవాలేదు. లోతు తక్కువ నీళ్లకు 200 కిలోహెర్ట్జ్ సెన్సరు సరిపోతుంది. ముందుగా వెనుక పలకకు ఒక ప్లాస్టిక్ పలక అతికించి, సెన్సరును దాని మీద బిగిస్తే దాన్ని ఎన్నిసార్లు జరిపినా పడవకు కొత్త రంధ్రం పడదు. ప్రొపెల్లర్‌కు దాదాపు 40 సెం.మీ. దూరంలో, అడుగున నీరు నురగ లేకుండా పారే చోట పెట్టండి. వేగంగా వెళ్లినప్పుడు తెర ఖాళీ అయితే తప్పు పరికరానిది కాదు, సెన్సరు కింద గాలి బుడగలు చేరుతున్నాయి.

నెమ్మదిగా కదలడానికి బ్యాటరీ మోటారు కొంటే, సామానుతో సహా పడవ బరువులో 2 శాతం తోసే బలం ఉండాలన్నది కనీస లెక్క. 700 కిలోలకు 14 కిలోలు, అంటే పెట్టె మీద రాసే భాషలో 31 పౌండ్లు. గాలి వీచే నీళ్లలో అది చాలదు, 45 లేదా 55 పౌండ్లది తీసుకోండి. 55 పౌండ్లది పూర్తి వేగంలో గంటకు దాదాపు 50 ఆంపియర్ అవర్లు తాగుతుంది. లెడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేయకూడదు కాబట్టి 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఆ వేగంలో ఒక గంటే వస్తుంది. ఆ బ్యాటరీని పడవ ముందు భాగంలో పెడితే వెనుక ఇంజను బరువుకు సమతూకం కూడా అవుతుంది.

రంగు ఆఖరున. పాత జెల్‌కోట్ చాలావరకు పాలిష్ పేస్టుకు తేరుకుంటుంది. డెక్కుకు మాత్రం ఇసుక కలిపిన జారని రంగు వేయండి.

ట్రెయిలర్‌ను మరచిపోకండి, పడవ కంటే ముందు దారిలో ఆగిపోయేది అదే. చక్రాల బేరింగులు విప్పి కడిగి కొత్త గ్రీజు పెట్టండి. టైరు పక్కన ఉన్న నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. అరుగుదల లేకపోయినా పగుళ్లు వచ్చిన టైర్లు మార్చండి. దూరం నుంచి లాగి తెచ్చాక హబ్ (చక్రం మధ్య బేరింగులు ఉండే భాగం) మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే అది చల్లారాకే చక్రాలను నీటిలోకి దించాలి, లేకపోతే ఒక్కసారిగా చల్లబడే హబ్ నీటిని లోపలికి పీల్చుకుంటుంది. ఆ ఆగే సమయంలో అడుగు రంధ్రానికి బిరడా పెట్టారో లేదో చూసుకోవచ్చు.